బీఏలో కొరియన్ ఉంటదా అన్నా?

ఎడిటర్ గారికి నమస్కారం.

డిగ్రీ కాలేజీల్లో సీట్లు మిగిలిపోతున్నాయని, బీఏకి పిల్లలు రావట్లేదని ఏటా అడ్మిషన్ల టైంలో మీ పేపర్లో వార్త వస్తుంది. ఈసారీ వచ్చింది. పిల్లలంతా కంప్యూటర్ల వైపు పోతున్నారని కింద ఒక లైను, అది కూడా ఏటా ఉండేదే. నేను హనుమకొండ నయీంనగర్‌లో పదమూడేళ్లుగా చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్సులు, డీటీపీ, ప్రాజెక్టుల బైండింగు, సీజన్లో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్ ఫారాలు. 2016లో దోస్త్ మొదలైనప్పటి నుంచి ఎంతమందికి వెబ్ ఆప్షన్లు పెట్టానో లెక్కలేదు. రెండొందల రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి, నా పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని "ఏది పెట్టమంటవ్ అన్నా" అని అడిగే పిల్లలని రోజూ చూసేవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, కత్తిరిస్తే మధ్యలో కత్తిరించండి గానీ చివర వదిలేయకండి, చివర్లో నాకు ఒక పని ఉంది.

ఈ సీజన్లో పరకాల వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఇంటర్ సీఈసీ, మార్కులు బాగానే ఉన్నాయి. ఆధార్, మెమో అన్నీ అప్‌లోడ్ చేశాక, నాన్న ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లిన సందు చూసుకుని మెల్లగా అడిగింది, "అన్నా, బీఏలో కొరియన్ ఉంటదా?" అని. నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు కూడా. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని బ్యాగులోంచి ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ తీసి చూపించింది. నిండా కొరియన్ అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. మా షాపు పేరు బోర్డు మీద చూసి అక్కడికక్కడే కొరియన్‌లో రాసింది. ఎన్నాళ్లు పట్టింది నేర్చుకోవడానికి అంటే, అక్షరాలకి వారం అంది, ఫోన్లో చూసి. "మన వత్తుల లెక్కనే అన్నా, చూడు, హ పక్కన అ, కింద న పెడితే హన్ అయితది" అని పెన్నుతో గీసి చూపించింది. 24 మూల అక్షరాలట. వాళ్ల రాజు సేజాంగ్ ఆరు వందల ఏళ్ల కింద, చైనా అక్షరాలు నేర్చుకునే తీరిక లేని మామూలు జనం కూడా చదవాలి రాయాలి అని చేయించి, 1446లో చాటింపు వేయించాడట. ఈ సంగతి నాకు చెప్పింది ఆ పిల్లే.

లిస్టు మొత్తం కిందికీ మీదికీ తిప్పాను. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉన్నాయి. మా చుట్టుపక్కల ఏ కాలేజీ పేరు కింద చూసినా ఆమె అడిగింది లేదు. ఇంతలో నాన్న వచ్చాడు. విషయం విని, "సీరియళ్లు చూసుడు ఎక్కువైంది తమ్మీ దీనికి, బీకాం కంప్యూటర్స్ పెట్టు" అన్నాడు. పెట్టేశాను. డబ్బులు తీసుకుని రసీదు ఇచ్చాను. కోపం ఎవరి మీదా లేదు, ఆయన మాట ఆయనకి న్యాయమే, కానీ ఆ రాత్రి షట్టరు వేస్తూ అనుకున్నాను, ఇక్కడికి ఆటో కట్టుకుని పోయేంత దూరంలో గీసుగొండ, సంగెం మండలాల నేల మీద కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది, అందులో దక్షిణ కొరియా కంపెనీ యంగ్‌వన్ వచ్చి ఫ్యాక్టరీలు పెట్టింది, కొరియా వాళ్లు మన గడప దాకా వచ్చారు గానీ వాళ్ల భాష నేర్చుకుంటానన్న మన పిల్లకి బీకాం పెట్టి పంపించాం.

ఇప్పుడు నా సంగతి. నవ్వినవాణ్ని నేనే కాబట్టి ఇది చెప్పకపోతే తప్పవుతుంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా వైపు ఇంటికొకరు దుబాయో మస్కటో పోయినవాళ్లే. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, 2003లో వడ్డీకి తెచ్చిన డబ్బులు ఒక ఏజెంటు చేతిలో పోసి సౌదీలోని దమ్మాం పోయాను. ఏజెంటు చెప్పింది ఎలక్ట్రీషియన్ పని, నెలకు 900 రియాళ్లు. దిగిన రెండో రోజు ఆఫీసులో కాగితాలు ముందు పెట్టారు, మొత్తం అరబీ. సంతకం చోట వేలు పెట్టి చూపించారు, పెట్టేశాను. నెల తిరిగాక చేతికి 600 వచ్చాయి. ఇదేందని అడిగితే నా సంతకమే నాకు చూపించారు. రూములో ఒక మలయాళీ ఇక్కా (మనం అన్నా అన్నట్టు) ఉండేవాడు, ఆయన ఆ కాగితం దీపం కింద పెట్టి కుడి నుంచి ఎడమకి వేలితో జరుపుకుంటూ చదివాడు. పని అన్న చోట 'ఆమిల్' అని ఉందట. ఆమిల్ అంటే కూలీ. పక్కనే 600 అంకె కూడా ఉంది, అరబీ అంకెల్లో. అంకెలు కూడా చదవలేకపోయాను చూడండి, వాళ్ల ఆరు మన దగ్గర రాసే ఏడులా ఉంటుంది, దానికి సున్నా బదులు చుక్క పెడతారు.

ఆ ఇక్కాకి అరబీ ఎలా వచ్చింది? కాలేజీలో సబ్జెక్టుగా చదివాడు. కేరళలో సర్కారు బళ్లలోనే అరబిక్ చెప్తారు, కాలికట్ యూనివర్సిటీ కింద బీఏ అరబిక్ ఉన్న కాలేజీలు ఎన్నో. వాళ్లూ గల్ఫ్‌కే పోయారు, మేమూ గల్ఫ్‌కే పోయాం, అదే విమానం. వాళ్లలో కొందరు కౌంటరుకి అవతల కూర్చున్నారు, మేం ఇవతల లైన్లో నిలబడ్డాం. అన్నీ భాష వల్లే అని అనను, వాళ్లు మా కన్నా ముందు వెళ్లారు, చదువులు ఎక్కువ, ఇంకా చాలా ఉన్నాయి. కానీ నా మూడు వందల రియాళ్లు మాత్రం భాష వల్లే పోయాయి, నెలనెలా, రెండేళ్లు.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో ఇప్పుడు ముసలమ్మలకి కూడా అకామా అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డని తెలుసు, కఫీల్ అంటే పనికి పెట్టుకున్న యజమాని అని తెలుసు. 'ఖల్లివెల్లి' అయిండు అంటే కంపెనీ నుంచి పారిపోయి కాగితాలు లేకుండా దాక్కుని బతుకుతున్నాడని అర్థం. అరబీలో ఆ మాటకి 'పోనీయ్, వదిలెయ్' అని అర్థం, అంతే. మా ఊళ్లలో అది ఒక మనిషి పరిస్థితికి పేరయింది. ఇన్ని అరబీ మాటలు మా ఇళ్లలోకి వచ్చి కూర్చున్నాయి, నాకు తెలిసి మా వైపు ఒక్క కాలేజీ గదిలోకి రాలేదు. అక్కడ నేను నేర్చుకున్నది కూడా బజారు అరబీ. అరబీలో ప లేదు, పెప్సీని బెబ్సీ అనాలి, అది మొదటి వారంలోనే వచ్చేసింది. బేరం ఆడటం వచ్చింది, తిట్లు బాగా వచ్చాయి. కానీ మాట్లాడే అరబీ వేరు, కాగితాల మీద ఉండే అరబీ వేరు. ఈ రెండోది రోడ్డు మీద దొరకదు. ఎనిమిదేళ్లు ఉండి 2011లో తిరిగొచ్చినప్పుడు కూడా కాంట్రాక్టు కాగితం సొంతంగా చదివి అర్థం చేసుకునే స్థితి నాకు లేదు. ఇదే నేను చెప్పదలుచుకున్నది, భాషని మూడేళ్లు కూర్చుని చదువుకోవాల్సిన చదువుగా చూడాలి, వీసాకి ముందు వేసుకునే టీకాలాగా కాదు.

ఇంకో విచిత్రం ఏంటంటే, ఆ లిపి మా ఇంట్లో ఉండేది. మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో నాలుగో తరగతి దాకా చదివాడు. అప్పుడు చదువంటే ఉర్దూయే, 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్లు. ఊళ్లో ఎవరికి పట్వారీ కాగితం వచ్చినా మా తాత దగ్గరికి తెచ్చేవాళ్లు. ఆయన అరుగు మీద కూర్చుని చదివి తెలుగులో చెప్పేవాడు, ఒక చుట్ట ఇస్తే చాలు. మా నాన్న నేర్చుకోలేదు, అవసరం లేదన్నారు. నేను పుట్టేసరికి అది 'తురకం' అయిపోయింది, ఎవరిదో భాష. ఆ అక్షరాలే, ఇంకో నాలుగు ఎక్కువ తక్కువ, దమ్మాంలో నా ముందు పెట్టారు. తాత ఉంటే ఆ అంకె చదివేవాడు.

మొన్న చలికాలంలో ఒక పెద్దాయన ఆత్మకూరు వైపు నుంచి జిరాక్సుకి వచ్చాడు. సంచిలోంచి గుడ్డలో చుట్టిన కాగితం తీశాడు, మడతల దగ్గర విరిగిపోతోంది, మూలకి ఒక ముద్ర. భూమి తగాదా. "దీంట్ల మా తాత పేరు ఉందంటరు బిడ్డా, ఎవలన్న చదివి చెప్తే బాగుండు" అన్నాడు. మండి బజారులో నాకు తెలిసిన ఒక మౌల్వీ సాబు ఉన్నారు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, పైన ఉన్న నాలుగు మాటలు చదివి, "బేటా, ఇది శికస్తా, గొలుసుకట్టు రాత. పైగా ఫారసీ. నాకు రాదు" అన్నారు. లెక్కలు కూడా మామూలు అంకెల్లో లేవు, పాత గుమాస్తాలు అరబీ సంఖ్యల పేర్లనే ముడేసి గీతల్లా రాసేవాళ్లు, సియాఖ్ అంటారట. ఆ రాత నేర్చినవాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారో దేవుడికి తెలియాలి. 19వ శతాబ్దం చివరి దాకా హైదరాబాద్ రాజ్యంలో సర్కారు భాష ఫారసీ. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో మొఘలుల కాలం నాటి ఫారసీ కాగితాలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, షాజహాన్, ఔరంగజేబు దక్కన్‌లో నడిపిన వ్యవహారాలవి. మన చరిత్ర మన దగ్గరే ఉంది, తాళం కూడా వేసిలేదు, చదివే కళ్లు లేవు. కాగితం, ఖర్చు, హక్కు, రసీదు, జిల్లా, తహసీలు, ఫైసలా అని పొద్దున లేస్తే ఫారసీ, అరబీ మాటలే వాడతాం మనం, వాడుతున్నామని కూడా తెలియకుండా.

ఉత్తర తెలంగాణకి ఇది కొత్తేం కాదు. ఆదిలాబాద్ సామల సదాశివ గారు ఉర్దూ, ఫారసీ పుక్కిట పట్టి తెలుగులో ఎంత తీయగా రాశారు! దాశరథి గారు ఉర్దూ కవి గాలిబ్‌ని తెలుగులోకి తెచ్చారు. కాళోజీ గారు ఉర్దూలో కూడా రాశారు. పీవీ గారి భాషల లెక్క చెప్పక్కర్లేదు. వాళ్లంతా బళ్లో, బజారులో, ఇంట్లో నేర్చుకున్నారు, అప్పటి వాతావరణం అది. ఇప్పుడు ఆ వాతావరణం లేదు కాబట్టి కాలేజీ కావాలి అంటున్నా.

ఇక జపాన్ సంగతి. టామ్‌కామ్ అని మన ప్రభుత్వ సంస్థే నర్సులని జపాన్, జర్మనీ పంపే ఏర్పాటు చేస్తోంది, ఆ నోటిఫికేషన్లు పిల్లలకి నేనే ప్రింట్ తీసిస్తా. జపాన్‌లో పది మందిలో దగ్గర దగ్గర ముగ్గురికి 65 దాటాయి, చూసుకునే చేతులు చాలవు. అందుకే 2019 నుంచి వాళ్లు ప్రత్యేక నైపుణ్యాల వీసా అని కొత్తగా పెట్టారు, దానికి జపనీస్ పరీక్ష పాసవ్వాలి. జేఎల్‌పీటీ అనే ఆ జపనీస్ పరీక్షలో ఐదు మెట్లు, ఎన్5 అన్నిటికన్నా కింద, ఎన్1 పైన. ఈ వీసాకి ఎన్4 గానీ దానికి సమానమైన ఇంకో పరీక్ష గానీ కావాలి.

నర్సంపేట అమ్మాయి ఒకామె, నర్సింగ్ అయిపోయింది, ఒక కోచింగ్ వాళ్లకి ముప్పై ఐదు వేలు కట్టింది. మూడు నెలల్లో గ్యారంటీ అన్నారు, ఎవరని రాయను, బోర్డులు మీరూ చూసే ఉంటారు. మూడు నెలలకి ఎన్5 వచ్చింది, దానితో ఏమీ రాదు. ఎన్4 రెండుసార్లు తప్పింది. ఆన్‌లైన్ క్లాసుకి మా షాపులోనే మూల సిస్టం దగ్గర కూర్చునేది. ఒకరోజు నన్ను పిలిచి, "అన్నా ఇది అచ్చం తెలుగే" అంది. నేను నమ్మలేదు. కాగితం మీద రాసి చూపించింది. 'వతాషి వా గోహన్ ఒ తబెమాసు', వరసగా పెడితే 'నేను అన్నాన్ని తింటాను'. క్రియ చివరే వస్తుంది, మనలాగే. 'ఒ' అంటే మన 'ని'. 'హనుమకొండకి' అనాలంటే హనుమకొండ తర్వాత 'ని' అని తగిలిస్తారు, అది వాళ్ల 'కి'. ఇకిమాసు అంటే వెళ్తాను, ఇకిమాసు కా అంటే వెళ్తారా. చివర దీర్ఘం పెట్టి ప్రశ్న చేస్తాం చూడండి మనం, అదే పని వాళ్ల 'కా' చేస్తుంది. 'వస్తానని అన్నాడు'లో మన 'అని' ఉంది కదా, అచ్చంగా అక్కడే వాళ్లకి 'తో' అని ఒక ముక్క ఉంది. పేరు చివర గారు అన్నట్టు సాన్. ఇంగ్లిష్‌లో గ్రామర్ అని భయపెట్టి చంపిన మన పిల్లలకి ఇది ఎంత హాయిగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అక్షరాల వరస కూడా అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క వరస. బౌద్ధంతో పాటు వెళ్లిన సంస్కృత వర్ణమాల ప్రభావం అది.

చుట్టరికం ఉందని కాదు. కొరియన్‌లో నాన్నని అప్పా అంటారు, అమ్మని ఒమ్మా అంటారు, ఇవన్నీ కాకతాళీయాలే అంటారు భాషాశాస్త్రం తెలిసినవాళ్లు. వాట్సాప్‌లో తిరిగే కథలు నమ్మకండి. వాక్యం కట్టే తీరు మాత్రం మనకి కలిసొస్తుంది, అది నిజం. కలిసిరానిది కంజీ, అంటే చైనా నుంచి తెచ్చుకున్న బొమ్మలాంటి అక్షరాలు. మామూలు వాడుకకి అని వాళ్ల ప్రభుత్వం ఖాయం చేసినవే 2,136. మూడు నెలల్లో గ్యారంటీ అన్నవాడు ఆ లెక్క ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమైందా? రోజుకి రెండు చొప్పున నేర్చుకుంటే మూడేళ్లు పడుతుంది. సరిగ్గా డిగ్రీ అంత.

ఫోన్లో ట్రాన్స్‌లేషన్ ఉందిగా, ఇంకా భాష చదవడమెందుకు అని మా తమ్ముడే అడిగాడు. దానికి ఆ నర్సంపేట అమ్మాయే జవాబు చెప్పింది. జపనీస్‌లో 'దైజోబు' అని ఒక మాట ఉంది. ముసలాయన కింద పడ్డాడు, దెబ్బ తగిలిందా అంటే దైజోబు అంటాడు. ఇంకొంచెం సూప్ పొయ్యమంటారా అంటే దైజోబు అంటాడు. మొదటిదానికి బాగానే ఉన్నా అని అర్థం, రెండోదానికి వద్దు అని. మనకి ఇదేం వింత కాదు, మన 'పర్లేదు' చేసే పని అదే. పెళ్లిలో పప్పు వడ్డించేవాడికి పర్లేదు అంటే గరిటె వెనక్కి తీసుకుంటాడు. పైగా నొప్పి ఉన్నా పర్లేదు అనే ముసలివాళ్లు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. ఆ పర్లేదులో ఏది నిజం పర్లేదో ముఖం చూసి పట్టుకోవాలి, నర్సుకి అదే కదా పని. మనం "చూద్దాం లెండి" అంటే పని కాదని అవతలివాడికి తెలిసిపోతుంది, ఆలోచిస్తానన్న జపాన్ వ్యాపారి మాట కూడా చాలాసార్లు అలాంటిదేనట. ఫోన్ దీన్ని 'మనం చూద్దాం' అని తర్జుమా చేసి ఇస్తుంది, మనవాడు ఆశ పెట్టుకుని కూర్చుంటాడు. భాషతో పాటు సంస్కృతి కూడా చదవాలని యూనివర్సిటీల వాళ్లు ఆ రెండు మాటలూ కలిపి పెట్టేది ఇందుకే అనుకుంటా.

ఆ సంస్కృతిలో మనం కూడా ఉన్నాం, ఇది ఎంఏ హిస్టరీ పిల్లల ప్రాజెక్టులు టైప్ చేస్తూ చేస్తూ నాకు తెలిసింది. మన నాగార్జునాచార్యుణ్ని జపాన్‌లో ర్యూజు అని పిలిచి బౌద్ధ గురువుల్లో పెద్దవాడిగా కొలుస్తారు. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశం తిరిగి రాసిపెట్టుకున్నాడు, మనం చైనీస్ నేర్చుకుంటే అది మూలంలో చదవచ్చు, లేకపోతే ఇంగ్లిష్‌వాడు చెప్పిందే వినాలి. మన గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు, తుఫానుకి కొట్టుకొచ్చిన పరదేశి ఓడల సరుకు మేం గుంజుకోం, భయపడకండి అని. ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజుకి సముద్రం అవతలి వ్యాపారుల మీద అంత ధ్యాస! ఇంకోటి చెప్తే మీరు నమ్మరు. జపాన్ క్యోటోలో గియోన్ ఉత్సవం జరుగుతుంది, మన రథాల్లాంటి పెద్ద పెద్ద బండ్లు ఊరేగిస్తారు, వాటికి కట్టే పాత తివాచీల్లో కొన్ని 17, 18 శతాబ్దాల్లో దక్కన్‌లో నేసినవని పండితులు తేల్చారు. డచ్చి ఓడల్లో వెళ్లాయి. ఓరుగల్లు తివాచీలకి కూడా ఆ రోజుల నుంచే పేరుంది, 2018లో వరంగల్ దరీలకి, ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్న మనిషికి, క్యోటోలో రథం లాగే మనిషికి మధ్య మాట కలిపే పిల్ల ఒక్కతి మన దగ్గర తయారైతే ఆ దరీ రేటు ఎంతుంటుందో నేను చెప్పలేను గానీ, ఇప్పుడు దళారి ఇచ్చే రేటు మాత్రం ఉండదు.

నాకు బాగా నవ్వొచ్చే విషయం ఇంకొకటి. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో వెల్చేరు నారాయణరావు గారు చాలా ఏళ్లు తెలుగు చెప్పారు. ఇప్పుడు అక్కడ 'ఆసియా భాషలు, సంస్కృతులు' అనే పేరుతోనే ఒక శాఖ ఉంది. అంటే వాళ్లకి మన ఆసియా భాషలు ఒక వరండాలో పక్కపక్క గదులు. మనకేమో పక్కింటి భాష లేదు, ఇంట్లో భాష మార్కుల కోసం వదిలేస్తాం. ఇంటర్లో సంస్కృతం తీసుకుని తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లలు నా దగ్గరికి బోలెడుమంది వస్తారు, రామ శబ్దం చెప్పమంటే నవ్వుతారు. వాళ్ల తప్పు కాదు.

మరి ఎక్కడ చదవాలి అంటే, ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో అరబిక్, జపనీస్ లాంటివి డిగ్రీ నుంచే ఉన్నాయి. మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ మనూలో, ఉస్మానియాలో ఫారసీ, అరబిక్ ఉన్నాయి. ఢిల్లీ జేఎన్‌యూలో జపనీస్, కొరియన్, చైనీస్, ఫారసీ, అరబిక్ అన్నిటికీ బీఏ ఆనర్స్ ఉంది, సీయూఈటీ అనే ఎంట్రన్స్ రాయాలి. శాంతినికేతన్‌లో ఠాగూర్ 1937లోనే చీనా భవన్ పెట్టించాడు. నేను ఈ మధ్య అడిగినవాళ్లకి ఇవన్నీ చెప్తున్నా, ఒక కాగితం మీద రాసి గోడకి కూడా అంటించా. కానీ పరకాల పిల్లని ఢిల్లీ పంపే తండ్రులు ఎంతమంది? హైదరాబాద్ హాస్టలంటేనే టెన్షన్ పడతారు. అందుకే మన దగ్గర, మన యూనివర్సిటీ కింద, కనీసం ఒక ప్రభుత్వ కాలేజీలో మొదలుపెట్టాలి అంటున్నా. పక్కన ఆంధ్రాలో 2023-24లో డిగ్రీలో ఒక మేజర్ (అసలు సబ్జెక్టు), ఒక మైనర్ (దాని పక్కన ఇంకో సబ్జెక్టు) అని పెట్టారు. ఆ మైనర్ అనేదే నాకు అసలు ఉపాయంలా కనపడుతోంది. ఆ తండ్రి బీకామే కావాలన్నాడు కదా, బీకామే ఉండనీయండి, పక్కన మైనర్‌గా కొరియన్ ఉంటే తండ్రీ కూతుళ్లకి పంచాయితీ ఎందుకొస్తుంది? నర్సింగ్ పిల్లకి జపనీస్, జగిత్యాల పిల్లగాడికి అరబిక్, హిస్టరీవాడికి ఫారసీ. పూర్తిగా దాంట్లోనే మునుగుతాం అన్న పది మందికి మేజర్. అన్నీ ఒకేసారి పెట్టమనట్లేదు, పేరుకి పెట్టి లెక్చరర్ లేకుండా వదిలేస్తే అసలు పెట్టకపోవడమే నయం. రెండు భాషలు చాలు మొదలుకి. వరంగల్‌లో ఒకటి, కరీంనగర్‌లో ఒకటి. ఇఫ్లూలో చదివి బయటికొచ్చినవాళ్లు ఉన్నారు, జపాన్ ఫౌండేషన్, కొరియా వాళ్ల కింగ్ సేజాంగ్ సంస్థ ఈ పని కోసమే ఉన్నాయి, అడగాలి.

ఉద్యోగాలొస్తాయా అంటే, అందరికీ వస్తాయని నేను అబద్ధం చెప్పను. బీకాం కంప్యూటర్స్ చేసిన అందరికీ వస్తున్నాయా? నా దగ్గర రెజ్యూమెలు ప్రింట్ తీసుకునేది వాళ్లే. హైదరాబాద్ ఆసుపత్రుల్లో అరబ్బు దేశాల పేషెంట్లకి మాట చెప్పేవాళ్లు కావాలి, కంపెనీల్లో జపనీస్ వచ్చినవాళ్లని విడిగా వెతుకుతారు, వాళ్లకి కావాల్సింది ఎన్5 కాదు, ఎన్2 పైన. అది మళ్లీ మూడేళ్ల చదువు దగ్గరికే వస్తుంది.

చివర్లో పని ఉందన్నాను కదా. ఆత్మకూరు పెద్దాయన కాగితానిది ఒక జిరాక్సు నా దగ్గర ఉంది, ఆయనని అడిగే ఉంచుకున్నా. ఫారసీ, అందులోనూ శికస్తా రాత చదవగలిగినవాళ్లు మీ పాఠకుల్లో ఎవరైనా ఉంటే మీ ఆఫీసుకి ఒక మాట చెప్పమనండి, కాగితం పట్టుకుని నేనే వస్తాను. వాయిదా సంక్రాంతి తర్వాత ఉందట. ఆయన రెండు వారాలకోసారి బస్సెక్కి వచ్చి, "ఎవలన్న దొరికిండ్రా బిడ్డా" అని అడిగి పోతున్నాడు.

ఇట్లు,
నెట్ సెంటర్ నడిపే ఒక మాజీ గల్ఫ్ కార్మికుడు,
నయీంనగర్, హనుమకొండ